సఫ్రాన్‌బోలు నుంచి వచ్చిన కోడలు

సఫ్రాన్‌బోలు అనే ఊరిని నేను మొదట చూసింది ఒక రొట్టెల దుకాణం గోడమీద. మెల్‌బోర్న్‌లో డాండెనాంగ్ స్టేషన్ దిగి బజారువైపు నడిస్తే ఎడమచేతి పక్కన ఉండేది ఆ టర్కీవాళ్ల దుకాణం. లోపల అడుగుపెట్టగానే నేల నుంచి కప్పు దాకా ఒక పెద్ద ఫొటో. లోయలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు తెల్లటి ఇళ్లు, నల్లటి కొయ్య చట్రాలు, ఒక్కో ఇంటికి లెక్కలేనన్ని కిటికీలు. పైఅంతస్తులు వీధిమీదికి ముందుకొచ్చి, కింద నడిచేవాళ్లను తొంగిచూస్తున్నట్టు ఉండేవి. బోలు అంటే మనకు డొల్ల కదా, ఆ పేరు విన్న మొదటిరోజు నాకు నవ్వొచ్చింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయమే మాకు వీసా ఇప్పించింది. మా ఆయన ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పాత ప్రోగ్రాములు తెరిచి తారీఖులు సరిచేసే పనిలో కుదిరారు. పొద్దున పోతే మళ్లీ పడుకునే వేళకు వచ్చేవారు. క్లేటన్‌లో రెండు గదుల ఇంట్లో నేను ఒక్కదాన్నే. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఉన్నా, ఆడవాళ్ల కబుర్లు భర్తల కాంట్రాక్టులు, కొనబోయే కార్ల చుట్టూనే తిరిగేవి. నేను ఆదోనిలో బీకాం చదివాను. ఇక్కడ ఆ చదువుతో ఎవరూ పని ఇవ్వలేదు. ఒకరోజు డాండెనాంగ్ సంతకు కూరగాయల కోసం పోయి, ఆ దుకాణం అద్దం మీద పనిమనిషి కావాలన్న కాగితం చూసి లోపలికి వెళ్లాను.

యజమానురాలికి యాభై అయిదు దాటి ఉంటాయి. లావుపాటి మనిషి, నడకలో మాత్రం చురుకు. "ముస్లిమా?" అని అడిగింది. అవునన్నాను. "పాకిస్తానా?" కాదు, ఇండియా అన్నాను. మేం దూదేకుల వాళ్లమని, ఇంట్లో తెలుగే మాట్లాడతామని, ఉర్దూ నాకు బజారులో అబ్బినంత మాత్రమే వచ్చని ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఆమె నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "పిండి కలపడం వచ్చా?" అంది. చపాతీలు, ఓళిగలు చేస్తానని చెప్పాను. ఓళిగ అంటే ఏమిటో అడగలేదు. మర్నాటి నుంచి రమ్మంది.

పాలకూర తరగడం, జున్ను పొడి చేయడం, పళ్లాలు కడగడం, రద్దీగా ఉన్నప్పుడు గల్లా దగ్గర నిలబడటం నా పని. ఆమె గల్లా దగ్గర ఉన్నప్పుడు వినాలి ఆ ఊరి సంగతులు. తెల్లవాళ్లు ఎవరైనా ఫొటో చూసి ఇది ఇస్తాంబులా అని అడిగితే చాలు, గొంతులో తేనె పోసుకునేది. "కాదు డార్లింగ్, సఫ్రాన్‌బోలు. మా ఊరు. చలికాలం లోయలో ఉంటాం, గాలి కొట్టదు. ఎండాకాలం కొండమీద ద్రాక్షతోటల్లో ఇంకో ఇల్లు. ఏ ఇల్లూ పక్కింటి ఎండకు అడ్డం రాదు, అది మా ఊరి మర్యాద. శరత్కాలంలో పొలాల నిండా ఊదారంగు పూలు. తెల్లారకముందే కోసి కుంకుమపువ్వు తీస్తాం." తరువాత ఫొటోలో ఎడమవైపు, మసీదుకు కాస్త ఎగువన ఉన్న మూడంతస్తుల ఇంటిమీద వేలు పెట్టేది. "ఇదీ మా ఇల్లు."

అందరితో పాటు నేనూ నమ్మాను.

నేను చేరిన రెండు మూడు నెలలకు కోడలు వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల. పొడుగాటి వేళ్లు, సన్నటి మెడ, నిద్రలోంచి లేపి తీసుకొచ్చినట్టున్న చూపు. కొడుక్కు ముప్పై దాటాయి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. స్నేహితులతో కలిసి ఏదో ఇంటర్నెట్ కంపెనీ పెట్టాడు. అది ఏం అమ్ముతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. అడిగితే, "ఇప్పుడేం అమ్మం ఆంటీ, రేపు కంపెనీనే అమ్ముతాం" అనేవాడు. వారంలో ఆరు రోజులు ఆఫీసులోనే పడుకునేవాడు. ఆదివారం వచ్చి తల్లి చేతి వంట తినేవాడు. భార్య పళ్లెం తెచ్చి ముందు పెడితే తలెత్తకుండా, "థాంక్స్ మేట్" అనేవాడు. ఆ పిల్ల నన్ను అడిగింది, మేట్ అంటే ఏమిటని. స్నేహితుడు అని చెప్పాను. కాసేపు ఆలోచించి తల ఊపింది.

వచ్చిన మొదటివారంలోనే అత్త ఆమెను కిటికీలో కూర్చోబెట్టింది. దుకాణం ముందు అద్దం వెనకాల ఒక పొట్టి గుండ్రబల్ల, పక్కన బోర్లించిన మూకుడు లాంటి ఇనుప పెనం. సన్నటి పొడుగాటి కర్రతో పిండిని రుమాలంత పలచగా వత్తి, పాలకూరా జున్నూ పెట్టి మడిచి కాల్చాలి. దాన్ని గోజ్‌లెమె అంటారు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తారు, చూసి లోపలికొస్తారు. అందుకని ఆ పిల్లకు పూలపూల వదులు షరాయి, నుదుటి దాకా కట్టిన తలగుడ్డ. వచ్చేటప్పుడు ఆమె జీన్స్ ప్యాంటు వేసుకుని వచ్చింది. వాళ్ల ఊళ్లో హైస్కూలు పూర్తిచేసింది, తలకు గుడ్డ కట్టుకోవడం ఎరగదు. "మా ఊళ్లో ఇట్లాగే కూర్చుంటారు" అని అత్త కొనేవాళ్లకు చెప్పేది. వాళ్లు కెమెరాలు తీసేవారు. ఆ పిల్ల తల దించుకుంటే అత్త వెనకనుంచి టర్కీలో ఒక్క మాట అనేది. అప్పుడామె తలెత్తి నవ్వేది.

ఆమెను ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. గెలిన్ అనేవారు, కోడలు అని. అత్త పిలిచేదీ అదే, దుకాణానికి సరుకు తెచ్చేవాళ్లు పిలిచేదీ అదే.

నాకు టర్కీ రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా మాట్లాడుకోవడానికి దారి దొరికింది. ఒకరోజు నేను జేబులోంచి చేతిగుడ్డ తీస్తూ మా ఇంట్లో అలవాటుగా, "జేబు చిరిగిందే" అనుకున్నాను. ఆమె చటుక్కున తిరిగి, "జెప్?" అంది తన జేబు చూపిస్తూ. ఆ తరువాత ఇద్దరం పిచ్చిపట్టినట్టు వెతుక్కున్నాం. సబ్బు, బాదం, చాయ్, దుకాణం, మైదానం, జవాబు, తారీఖు. కొద్దిపాటి తేడాతో అన్నీ వాళ్లకూ ఉన్నాయి. మధ్యలో చేతులు, కళ్లు, గల్లా దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలు కలుపుకునేవాళ్లం. ఆమె నన్ను అబ్లా అని పిలిచేది. అక్కా అని.

అట్లాంటి ఒక మధ్యాహ్నం వెనక గదిలో పిండిమూటల మీద కూర్చుని ఉన్నప్పుడు, ఆ ఫొటోలోని ఇల్లు మీ అత్తగారిదట కదా అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అబ్లా, అది మా ఇల్లు. మా తాత కట్టించింది. మా ఇంటి కింది గది మధ్యలో నీళ్ల కొలను ఉంటుంది, ఎండాకాలం చల్లగా ఉండాలని. ఈమె తల్లి మా ఇంట్లో బట్టలుతికేది, వంట చేసేది. ఈమె కూడా మా ఇంట్లోనే పెరిగింది. వెనక కట్టెల కొట్టు పక్కన ఉండేవారు."

మరి ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి కోడలుగా ఎట్లా వచ్చిందని అడిగాను. నాన్న పనిచేసే ఇనుము కర్మాగారంలో చాలామందితో పాటు ఆయన్నూ తీసేశారని చెప్పింది. అంత పెద్ద ఇంటికి కప్పు బాగుచేయించడం కూడా చేతకాని స్థితి. ఊరికి విదేశీయులు రావడం మొదలయ్యాక ఒక హోటలువాడు ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. అప్పుడు ఈమె ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. రెండు చేతులకూ బంగారు గాజులు, వచ్చి కొలను గదిలో పెద్దవాళ్లు కూర్చునే దివాన్ మీద కూర్చుని కొడుక్కు పిల్లను ఇమ్మని అడిగింది. నానమ్మ లేచి అవతలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నాన్న సరేనన్నాడు. నానమ్మ ఆ చలికాలంలోనే పోయింది.

ఇదంతా ఆమె కోపం లేకుండా చెప్పింది. ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టే ఉంది.

మేం మాట్లాడుకున్నది అత్తకు ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. నాలుగైదు రోజుల తరువాత ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆ పిల్ల రొట్టెముక్క, నాలుగు ఆలివ్ కాయలు పళ్లెంలో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. అత్త వచ్చి పళ్లెం తీసి పైఅరలో పెట్టింది. "పని అయ్యాక తిను. నిలబడి తిను." ఇంగ్లీషులోనే అంది. అది నాకోసమే.

ఆకలేస్తోంది కదా పాపం అన్నాను నేను. ఆమె నా వైపు తిరిగింది.

"మా అమ్మ ఆ ఇంట్లో ఎప్పుడు తినేదో దీన్ని అడుగు. వంటగదికీ మగవాళ్ల గదికీ మధ్య గోడలో ఒక బీరువా ఉండేది, గుండ్రంగా తిరిగేది. ఆడవాళ్ల మొహం అవతలివాళ్లకు కనబడకూడదని. మా అమ్మ వండినవన్నీ నేను ఆ బీరువాలో సర్ది తిప్పేదాన్ని. అటు ఎవరు కూర్చున్నారో ఎరగను. కాసేపటికి అదే తిరిగి ఎంగిలి పళ్లాలతో ఇటు వచ్చేది. వాటిలో మిగిలింది మాకు. నన్ను ఆ ఇంట్లో ఎవరూ పేరుతో పిలవలేదు. ఏయ్ పిల్లా, అంతే. నేను దీన్ని కనీసం గెలిన్ అంటున్నాను."

ఆ పిల్ల తలవంచుకుని నిలబడి ఉంది. ఎంతవరకు అర్థమైందో తెలియదు. అత్త ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, చాలాసేపు చూసి, వదిలేసి గల్లా దగ్గరికి పోయింది. సాయంత్రం ఆ పళ్లెం కిందికి దించేసరికి రొట్టె కట్టెలా బిగిసిపోయింది. ఆ పిల్ల దాన్ని చాయ్‌లో ముంచుకుని నిలబడే తింది.

ఆ ఆగస్టులో, ఇక్కడ చలి బాగా ఉన్న రోజుల్లో, టర్కీలో భూకంపం వచ్చింది. టీవీ నిండా కూలిపోయిన అపార్ట్‌మెంట్లు. దుకాణానికి వచ్చే టర్కీవాళ్లు గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చేవారు. సఫ్రాన్‌బోలులో ఇళ్లు ఊగాయి కానీ ఎవరికీ ఏమీ కాలేదట. కొయ్య ఇళ్లు కదా, నిలబడ్డాయి. కానీ ఈ పిల్లకు ఒక అన్న ఉన్నాడు. తండ్రి పని పోయాక అతను సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి పోయి కరెంటు పనులు చేసుకుంటున్నాడు. భూకంపం దెబ్బ పడింది సరిగ్గా అక్కడే. ఫోన్లు కలవలేదు. ఆ పిల్ల టీవీ ముందు నిలబడి, శిథిలాల దగ్గర కనబడే ప్రతి మగవాడి మొహంలోనూ అన్నను వెతుక్కునేది. అత్త టీవీ తీగ పీకేసింది, పని ఆగిపోతోందని.

శనివారం గోజ్‌లెమె అమ్మిన డబ్బంతా భూకంప బాధితులకే అని అత్త అద్దం మీద రాయించింది. గల్లా పక్కన ఒక డబ్బా పెట్టింది. ఆ పొద్దున దుకాణం తెరిచామో లేదో ఫోన్ మోగింది. అత్త తీసింది. నేను పక్కనే పళ్లాలు తుడుస్తున్నాను. ఆ పిల్ల ముందు కిటికీలో పెనం వెలిగించుకుంటోంది. అత్త చాలాసేపు వింది, తక్కువ మాట్లాడింది. ఆ మాటల్లో ఒకటి నా చెవిన పడింది. జెనాజె.

మాకూ అదే మాట. జనాజా అంటే శవయాత్ర.

ఆమె ఫోన్ పెట్టగానే, "ఎవరు పోయారు?" అని అడిగాను.

"ఊళ్లో ఒక ముసలామె. నీకు తెలియదు, దీనికీ తెలియదు" అంది. నడుముకు కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. నేను నమ్మాను. ఆమె మొహంలో ఏ తేడా లేదు.

తరువాత కిటికీ దగ్గరికి పోయి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. అట్లా ఎన్నడూ వేయగా చూడలేదు నేను. ఏదో చెప్పింది. ఆ పిల్ల మొహం వెలిగింది. నేను దగ్గరికి పోయినప్పుడు ఆమె నాకు వివరించింది. "ఫోన్లు ఇంకా కలవలేదట. కానీ ఈరోజు నేను పుణ్యం పని చేస్తే అల్లా చూస్తాడట. అన్న దొరుకుతాడట."

ఆ రోజు వచ్చినంత జనం ఆ దుకాణానికి ఎప్పుడూ రాలేదు. వరస వీధి మలుపు దాకా పోయింది. ఆ పిల్ల తల ఎత్తకుండా వత్తింది. పిండి అయిపోతే పరుగెత్తి వచ్చి మళ్లీ కలుపుకుంది. నేను మంచినీళ్లు ఇవ్వబోతే వద్దంది. ఉపవాసం ఉందట, అన్న కోసం. ఒక తెల్లావిడ అద్దం బయటనుంచి ఫొటో తీసుకుంటే ఎవరూ అనకుండానే నవ్వింది. ఎవరో పెద్దమనిషి డబ్బాలో నోటు వేసి ఆమె దగ్గరికి వచ్చి, మీవాళ్లంతా క్షేమమేనా అని అడిగాడు. "యెస్, యెస్, థాంక్యూ" అంది.

వెలుగు తగ్గుతుండగా అత్త తలుపు మూసి పలక తిప్పింది. ఒక కుర్చీ లాక్కుని కూర్చుని సిగరెట్ వెలిగించింది. నేను నేల తుడుస్తున్నాను. కోడలిని పిలిచి టర్కీలో చెప్పింది. నాకు మూడే మాటలు అర్థమయ్యాయి. అన్న. జనాజా. పొద్దున.

ఆ పిల్ల మూడో మాటనే పట్టుకుంది. "సబా?" అంది. మా వైపు సుబహ్ అన్నట్టే. "సబా?" అని మళ్లీ అడిగింది, గల్లా పక్కన ఉన్న ఫోన్ చూపిస్తూ.

అత్త అవునని తల ఊపింది. తరువాత నా వైపు తిరిగి, సాక్షికి చెప్పుకున్నట్టు ఇంగ్లీషులో అంది. "అంత జనం వచ్చారు. పొద్దునే చెబితే ఇది కూర్చునేదా? పోయినవాడు లేచొస్తాడా? మా అమ్మ పోయిన రోజు వీళ్ల ఇంట్లో పెళ్లి. నేను పెళ్లి గిన్నెలన్నీ తోమాకే నన్ను వదిలారు. ఎవరైనా ఆపారా నన్ను? కడుగు అన్నారు, కడిగాను."

నా చేతిలో తుడుపుకర్ర అట్లాగే ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మోచేతుల దాకా. ఎంతసేపటికీ కడుగుతూనే ఉంది. తరువాత తలగుడ్డ విప్పి, మడిచి, గుండ్రబల్ల మీద పెట్టి, తలుపు గడియ తీసుకుని బయటికి నడిచింది. కాళ్లకు దుకాణంలో వేసుకునే రబ్బరు చెప్పులే.

నేను కోటు కూడా తీసుకోకుండా వెనకాలే పరుగెత్తాను. స్టేషన్ దగ్గర అందుకున్నాను. ఎక్కడికి పోతున్నావంటే తెలియదంది. రైలెక్కించి క్లేటన్‌కు మా ఇంటికి తీసుకొచ్చాను.

మా ఆయన ఆ రోజు త్వరగానే వచ్చారు. సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న పిల్లను చూసి నన్ను వంటింట్లోకి పిలిచారు.

"ఏమే, ఇది వాళ్ల ఫ్యామిలీ మ్యాటర్. మనం ఇన్వాల్వ్ అయితే రేపు పోలీసు, గీలీసు అని వస్తే మన వీసాకి ప్రాబ్లం అయితాది. నీకెందుకు చెప్పు ఇవన్నీ?"

"వాళ్లన్న చచ్చిపోయినాడండీ. రోజంతా చెప్పకుండా పని చేయించుకునింది ఆ ముండ."

ఆయన జేబులోంచి ఫోన్ కార్డు తీసి ఇచ్చారు. "మొదలు వాళ్ల నాయనకు ఫోన్ చేసుకోమను. నంబర్ గీకలేదు ఇంకా, కొత్తదే."

చాలాసార్లు తిప్పాక కలిసింది. ఆ పిల్ల నాన్నా అని ఒక్కసారి అరిచి, తరువాత అంతా వినడమే. వింటూ వింటూ గోడవైపు తిరిగిపోయింది. తల్లిని పిలవమని అడిగినట్టుంది, పిలవలేదు. ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చి కూర్చుని, ఒక్కో మాట ఏరుకుంటూ చెప్పింది.

"నాన్న అంటున్నాడు, ఇల్లు హోటలుకు ఇచ్చేశాంరా అని. వాళ్లిప్పుడు కర్మాగారం దగ్గర చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. నాకు చోటు లేదట. అన్న శవాన్ని ఊరికి తెచ్చిన ఖర్చు అత్తే పెట్టుకుంటానందట. ఆమె మంచిదట. పోయి చెయ్యి ముద్దుపెట్టుకుని క్షమించమని అడగమన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"అన్నను ఎక్కడ పెట్టారు అని అడిగాను. కొండమీద, నానమ్మ పక్కన అన్నాడు."

కొన్ని రోజులు మా ఇంట్లోనే ఉంది. పగలంతా కిటికీ దగ్గర కూర్చునేది. నేను అన్నం, పప్పు పెడితే తినేది. కూర్చుని తినడం మర్చిపోలేదని నాకు కాస్త ఊరట. ఒక సాయంత్రం ఆమె భర్త వచ్చాడు, కొత్త కారులో. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో నాతో మాట్లాడాడు.

"మమ్ బాగా అప్‌సెట్ అయింది ఆంటీ. ఎవరూ పని చేసేవాళ్లు లేరు. ఆమెకు ఇష్టం లేకపోతే డివోర్స్ ఇస్తాను, నో డ్రామా. కానీ అప్పుడు వెనక్కి పోవాలి, వీసా అట్లాంటిది. ఆమెకు చెప్పండి, ప్లీజ్. నా టర్కిష్ అంత బాగుండదు." మాట్లాడుతూనే రెండుసార్లు చేతిలో ఫోన్ చూసుకున్నాడు.

"మీ బావమరిది చనిపోయాడు. లోపలికొచ్చి ఒక్క మాట చెప్పరాదా?" అన్నాను.

"యా, టెరిబుల్" అన్నాడు. లోపలికి మాత్రం రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మా ఆయన్ను అడిగింది, ఈ దేశంలో ఉండిపోవడానికి తనకు ఎంతకాలం పడుతుందని. వీసా రూల్సు అప్పట్లో మాకందరికీ కంఠతా వచ్చు. రెండేళ్లు కాపురంలో ఉన్నట్టు చూపిస్తే శాశ్వతంగా ఉండనిస్తారని ఆయన చెప్పారు. రెండేళ్లు అన్నది అర్థం కావడానికి రెండు వేళ్లు చూపించారు. ఆమె ఆ వేళ్లవైపు చూసి, "రెండేళ్లకు అత్త ముసలిదవుతుంది" అంది. గొంతులో కసి వినబడి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు నేనే తీసుకెళ్లి దిగబెట్టాను. అత్త గల్లా దగ్గరే ఉంది. ఆ పిల్ల పోయి ఆమె కుడిచెయ్యి అందుకుని ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుంది. అది వాళ్ల పద్ధతి. అత్త చెయ్యి వెనక్కి తీసుకుని, "పిండి పులిసిపోతోంది, పో" అంది.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. సరిచేసినవాళ్ల అవసరం మాత్రం తీరిపోయింది. మా ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. పెర్త్‌లో ఇంకో పని దొరికే దాకా నేను ఆ దుకాణంలోనే ఉన్నాను. ఆ నెలల్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. కిటికీలో కూర్చునే కొనేవాళ్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంది. పిండి ఎక్కడ చవక, జున్ను తెచ్చేవాడికి ఏ రోజు డబ్బివ్వాలి, పొయ్యి పాడైతే ఎవర్ని పిలవాలి, అన్నీ గమనించుకుంది. నేను సెలవు తీసుకుంటుంటే నన్ను వాటేసుకుని, "ఉత్తరాలు రాయకు అబ్లా, ఆమె చదువుతుంది" అంది.

పెర్త్ పోయాక ఇతరుల నోటి ద్వారా కొంత తెలిసింది. ఇంటర్నెట్ కంపెనీలన్నీ ఒకదాని వెనక ఒకటి పడిపోయిన ఏడు ఆ కొడుకు కంపెనీ కూడా పోయింది. దాని కోసం తల్లి తన ఇంటిని తాకట్టు పెట్టిందట. ఇల్లు పోయింది. కొడుకు బ్రిస్బేన్ వైపు వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లు దుకాణం పైగదుల్లోకి మారారు. అక్కడే ఒక పొద్దున అత్తకు పక్షవాతం వచ్చింది.

తరువాత ఒక స్నేహితురాలి గృహప్రవేశానికి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు డాండెనాంగ్ పోయాను. దుకాణం నిండా జనం. గల్లా దగ్గర ఇప్పుడు కోడలు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, మాట చురుకైంది. నన్ను చూసి చెయ్యి ఊపి లోపలికి రమ్మంది. వెనక గదిలో కుర్చీలో అత్త కూర్చుని ఉంది. ఒక పక్క మొహం జారిపోయింది. నన్ను గుర్తుపట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కోడలు నాకు చాయ్ తెచ్చింది, అత్తకు గిన్నెలో సూప్ తెచ్చింది. పక్కన కూర్చుని చెంచాతో తాగించడం మొదలుపెట్టింది. సరుకు తెచ్చినవాడు గుమ్మంలోంచి చూసి, ఎంత మంచి కోడలమ్మా, నా కోడలు ఇట్లా చూస్తుందా నన్ను అన్నాడు. ఆమె నవ్వింది. అతను పోయాక చెంచా అత్త నోటిదాకా తీసుకెళ్లింది. ముసలామె నోరు తెరిచింది. చెంచా అక్కడే ఆగింది. పెదవికి వేలెడు దూరంలో. ముసలామె మెడ ముందుకు చాచింది. చెంచా అంత వెనక్కి జరిగింది. సూప్ చల్లారేదాకా అట్లా సాగింది. కోడలి కళ్లు నా మీదే ఉన్నాయి, నేనేమంటానో చూస్తున్నట్టు.

"వద్దమ్మా" అన్నాను.

"సరే" అని చెంచా అత్త నోట్లో పెట్టేసింది. "తింటుంది అబ్లా. రోజూ తింటుంది. ఆకలితో చంపను."

ముసలామె బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "ఎవ్... ఎవ్..." అంది. ఆ మాట నాకు తెలుసు. ఇల్లు.

"ఊరికి తీసుకెళ్లమని అడుగుతోంది" అని ఆమె గిన్నె తుడుస్తూ చెప్పింది. "అక్కడ చావాలట. కొండమీద, వాళ్లమ్మ పక్కన. మా అన్న ఉన్నదీ అక్కడే. నాకిప్పుడు కాగితాలున్నాయి, డబ్బుంది, తీసుకెళ్లగలను. తీసుకెళ్లను. ఆమెకు ఆ సంగతి తెలుసు. రోజూ అడుగుతుంది, రోజూ చెబుతాను."

"నువ్వు వెళ్లాలనుకోవడం లేదా?"

"ఎక్కడికి? మా ఇల్లు హోటల్. నాన్న అక్కడే గేటు దగ్గర కూర్చుంటాడు, వచ్చినవాళ్ల సామాను మోస్తాడు. నేను పోతే నా సామాను కూడా మోయాలా?"

నేను వేళ్లు ఒక్కొక్కటే విప్పి మణికట్టు విడిపించుకున్నాను. ఆ చేతిలో బలం ఇంకా చాలా ఉంది. చాయ్ తాగి, రైలుకు వేళైందని చెప్పి వచ్చేశాను.

ఆ చలికాలంలోనే పెర్త్‌కు ఫోన్ వచ్చింది. "నిన్న ఇక్కడే పూడ్చాం అబ్లా, అత్తను" అంది. వాన పడిందట, నలుగురే వచ్చారట. కొడుకు వచ్చాడా అంటే రాలేదంది. చివరిదాకా ఊరి సంగతి అడిగిందా అని అడిగాను. అడిగింది అంది. వెనక దుకాణంలో ఎవరో రొట్టెలు అడుగుతున్నారు. "జనం ఉన్నారు, మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది.